వసంతంలో కొండెక్కి స్కీయింగ్ చేయాలంటే సామాను ఎలా ఎంచుకోవాలి

స్కీ కేంద్రాల్లో మనుషులను పైకి చేర్చే లిఫ్టులు ఆపేసే రోజులు దగ్గరపడితే చాలు, ఒకే ప్రశ్న వరుసపెట్టి వస్తుంది. "కొండపైన ఇంకా బోలెడు మంచు ఉంది. నడిచి ఎక్కి స్కీల మీద దిగాలనుకుంటున్నాను. ఏ స్కీలు కొనమంటారు?" నా జవాబు అడిగినవారిని కాస్త నిరాశపరుస్తుంది. స్కీల సంగతి తర్వాత చూద్దాం, ముందు బూట్లు. బూట్లకంటే ముందు మీరు ఎక్కబోయే కొండ.

ఈ ఆటలో సమయమంతా ఎక్కడానికే పోతుంది. అలవాటున్నవారు గంటకు 300 నుంచి 400 మీటర్ల ఎత్తు ఎక్కుతారు. అంటే వెయ్యి మీటర్ల కొండకు దాదాపు మూడు గంటలు. దిగడానికి అరగంట చాలు. దుకాణంలో మాత్రం అందరి చూపూ ఆ అరగంట మీదే ఉంటుంది. బరువైన, వెడల్పాటి, మెరిసే స్కీలు ఇంటికి చేరేది అందుకే.

చదును చేసిన వాలు మీదే కాక, ఎగుడుదిగుడు మంచు మీద కూడా నిలదొక్కుకుని దిగగలవారి కోసం ఇది రాస్తున్నాను. దిగడం ఇంకా పట్టుబడకపోతే ఈ ఏడాది లిఫ్టు దగ్గరే సాధన చేయండి. అలసిన కాళ్లతో, వీపున బరువుతో నేర్చుకునే పని కాదిది. ఇంకో మాట. మంచు చరియల గురించి శిక్షణ తీసుకోవడం, ఆ రోజు హెచ్చరికల బులెటిన్ చదవడం సామాను కొనడంతో తీరిపోయే పనులు కావు.

కావలసినవి

- కాళ్లకు: నడక మోడ్ ఉన్న టూరింగ్ బూట్లు, మడమ లేచే బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే అమరిక) బిగించిన స్కీలు, వాటి కొలతకు కత్తిరించిన స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీలు), పొడవు మార్చుకోగల పోల్స్ (చేతికర్రలు)
- ప్రాణరక్షణకు: బీకన్ (మంచు కింద చిక్కినవారిని వెతికే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార, హెల్మెట్, ప్రథమ చికిత్స సామగ్రి
- తెల్లవారుజామున గట్టి మంచు కోసం: స్కీ క్రాంపాన్లు (గట్టి మంచులో దిగే లోహపు పళ్ల అమరిక). వాలును బట్టి బూటు క్రాంపాన్లు, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి)
- మోయడానికి: 28 నుంచి 35 లీటర్ల బ్యాక్‌ప్యాక్
- ఒంటికి: పలుచని పొరలుగా బట్టలు, రెండు జతల గ్లౌజులు, ముదురు కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, హెడ్‌ల్యాంపు
- చిన్న సంచిలో: రెండు మూడు రబ్బరు స్కీ పట్టీలు, స్కిన్ మైనం, చిన్న గీకుడు బిళ్ల, బైండింగ్ స్క్రూలకు సరిపోయే స్క్రూడ్రైవర్, గట్టి టేపు, కొంత ఇనుప తీగ

అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. ఏది కొనాలో, ఏది అద్దెకు తేవాలో, ఏది పాతది తీసుకున్నా ఫరవాలేదో ఎక్కడికక్కడ చెబుతాను.

1. ముందు కొండను చూడండి

కొనేముందు మూడు సంగతులు తేల్చుకోండి.

మంచు ఎక్కడ మొదలవుతుంది? బండి దిగిన చోటే మొదలైతే బూట్లు తొడుక్కుని స్కీల మీద బయలుదేరవచ్చు. వసంతం ముదిరేకొద్దీ మంచు అంచు పైకి జరుగుతూ పోతుంది. మధ్యలో అరగంటకు మించి మట్టిదారి, రాళ్లు ఉన్నాయంటే మామూలు నడక బూట్లతో వెళ్లి, స్కీలనూ స్కీ బూట్లనూ వీపున మోయాల్సిందే. అప్పుడు ప్రతి వంద గ్రాములూ లెక్కకు వస్తాయి.

రాత్రి మంచు గడ్డకడుతుందా? ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు పైపొర తన వేడిని పైకి వదిలేస్తుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉన్నా గడ్డకట్టగలదు. మబ్బు కమ్మితే ఆ వేడి బయటికి పోదు, పొద్దున్నకు మంచు మెత్తగానే ఉంటుంది. బాగా గడ్డకట్టిన రోజు తెల్లవారుజామున వాలు రాయిలా ఉంటుంది. ఎండ పడ్డాక పైన రెండు మూడు సెంటీమీటర్లు గింజలు గింజలుగా కరుగుతుంది. స్కీయింగ్‌కు అదే అసలు సమయం. ఇంకాసేపటికి అంతా చిత్తడి అయి, తడి చరియలు జారడం మొదలవుతుంది. కాబట్టి చీకట్లోనే, గట్టి మంచు మీద ఎక్కాల్సి వస్తుంది. క్రాంపాన్లు, హెడ్‌ల్యాంపు పై జాబితాలోకి వచ్చింది ఇందుకే.

వాలు ఎంత? సుమారు 30 డిగ్రీలు దాటితే చరియల ప్రమాదం ఉన్న వాలుగా లెక్కించాలి. అదే వాలు గట్టిగా కూడా ఉంటే ఒక్కసారి జారినా ఆగడం కష్టం. మొదటి ఏడాది అంతకంటే తక్కువ వాలున్న కొండనే ఎంచుకోండి. పైన ఏ నిటారు వాలూ మీ దారి మీదికి వేలాడకుండా కూడా చూసుకోండి. అలా చేస్తే ఐస్ యాక్స్ ఖర్చు ఎలాగూ తప్పుతుంది.

2. బూట్లు

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే. స్కీలు పాతవైనా ఫరవాలేదు, బూట్లు మాత్రం మీ పాదానికి అచ్చంగా కుదరాలి. తొలిసారి అద్దెకు తెచ్చుకున్నా ఈ పరీక్షలే చేయండి.

చూడవలసినవి రెండు. ఒకటి, బూటు ముందు భాగంలో రెండు పక్కలా, వెనక మడమ దగ్గరా లోహపు గుంటలు ఉండాలి. పిన్ను బైండింగ్ పట్టుకునేది వాటినే. రెండోది, పిక్క భాగం ముందుకూ వెనక్కూ సులువుగా ఊగే నడక మోడ్. లిఫ్టు బూట్లలో కొన్నింటికి నడక మీట ఉంటుంది కానీ ఆ గుంటలు ఉండవు. మీటను చూసి మోసపోకండి, బోర్లించి గుంటల కోసం వెతకండి.

బరువు ఒక్కో బూటుకు 1000 నుంచి 1300 గ్రాముల మధ్య ఉంటే వసంతానికి సరిపోతుంది. అంతకంటే తేలికైనవి పోటీలవారికి. 1600 గ్రాములు దాటినవి దిగేటప్పుడు గొప్పగా ఉంటాయి, ఎక్కేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి.

కొలత ఇలా చూడండి:

- మధ్యాహ్నం దాటాక దుకాణానికి వెళ్లండి. అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. పలుచని పొడవాటి మేజోళ్లు ఒక్క జతే వేసుకోండి.
- లోపలి మెత్తటి లైనర్ తీసేసి, ఖాళీ పెంకులో పాదం పెట్టండి. వేళ్లు ముందు గోడకు తాకేదాకా జరిపి, మడమ వెనక ఖాళీ చూడండి. సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే సరైన కొలత. రెండు దాటితే పెద్దది. చాలా కంపెనీల్లో పూర్తి సైజుకూ అర సైజుకూ పెంకు ఒకటే, కాబట్టి పెట్టె మీద అంకెను నమ్మకుండా ఈ ఖాళీనే నమ్మండి.
- లైనర్ పెట్టి బకిల్స్ బిగించి నిలబడండి. వేళ్లు ముందు గోడకు కొద్దిగా తగలాలి. మోకాళ్లు ముందుకు వంచితే ఆ తాకిడి పోవాలి.
- నడక మోడ్‌లో పెట్టి కనీసం ఇరవై నిమిషాలు మెట్లు ఎక్కండి, దిగండి. మొహమాటపడకండి. మడమ లేస్తోందంటే అర గంట ఎక్కుడులోనే బొబ్బ ఖాయం.

ఆ తర్వాత బూటూ మేజోడూ విప్పి పాదాన్ని వెలుతురులో చూడండి. మొత్తం పాదం మీద పలుచగా ఎరుపు పరుచుకుని ఉంటే మామూలే. చీలమండ ఎముక మీదో, చిటికెన వేలు పక్కనో నాణెమంత ఎర్రటి మచ్చ ఒక్కటే కనబడితే అక్కడ పెంకు నొక్కుతోంది. లైనర్‌ను వేడిచేసి పాదానికి అచ్చు పోయించమని అడగండి. అప్పటికీ ఆ మచ్చ పోకపోతే వేరే మోడల్ చూడండి. "వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్న అమ్మకందారు మాట వినకండి. లైనర్ సర్దుకుంటుంది, ప్లాస్టిక్ పెంకు సర్దుకోదు.

చాలామంది చేసే తప్పు, ఎక్కేటప్పుడు పాదాలు ఉబ్బుతాయని ఒక సైజు పెద్దది తీసుకోవడం. పెద్ద బూటులో మడమ జారుతుంది. జారకుండా బకిల్ అతిగా బిగిస్తారు, దాంతో పాదం తిమ్మిరెక్కుతుంది. ఎక్కేటప్పుడు పై బకిల్స్ వదులు చేసి, పాదం వంపు మీది బకిల్ మాత్రం ఓ మోస్తరు బిగువుగా ఉంచితే మడమ కదలదు.

3. బైండింగ్

మూడు రకాలు ఉన్నాయి. బూటు గుంటల్లోకి పిన్నులు దూరే తేలికపాటి రకం ఒకటి. బూటు కింద చట్రం మొత్తం లేచే బరువైన ఫ్రేమ్ రకం ఇంకొకటి. ఎక్కేటప్పుడు పిన్ను, దిగేటప్పుడు లిఫ్టు బైండింగ్‌లా పనిచేసే మిశ్రమ రకం మూడోది. వసంతంలో నడక ఎక్కువ కాబట్టి పిన్ను రకమే తీసుకోండి. 1980లలో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ రూపొందించిన ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రేమ్ రకంలో అడుగు వేసిన ప్రతిసారీ చట్రాన్నీ ఎత్తాలి. మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఒక చిన్న కొండకు వాడుకోండి, కొత్తగా కొనవద్దు.

పడినప్పుడు బూటును వదిలేసే తీరుకు ఐఎస్ఓ 13992 అనే ప్రమాణం ఉంది. బాగా తేలికైన మోడళ్లలో కొన్ని దాన్ని అందుకోవు. మొదటి జతకు ఆ గుర్తింపు ఉన్నదే అడగండి.

బిగించడం, ఎంత బలం పడితే బూటును వదలాలో ఆ విలువ అమర్చడం దుకాణంలో చేయించుకోండి. మీ బరువు, ఎత్తు, వయసు, స్కీయింగ్ తీరు, బూటు అడుగు పొడవు నిజం చెప్పండి. కొందరికి ఇక్కడ బరువు తగ్గించి చెప్పే అలవాటు, ఇంకొందరికి నైపుణ్యం పెంచి చెప్పే అలవాటు. రెండింటికీ మూల్యం మోకాలు చెల్లిస్తుంది. బూటు మడమకూ బైండింగ్ వెనక భాగానికీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో ఒక్కో మోడల్‌కు ఒక్కో లెక్క. బూట్లు మార్చినప్పుడల్లా దాన్ని మళ్లీ సరిచూడాలి.

ఊడిన స్కీ జారిపోకుండా ఆపే బ్రేకు ఉన్నది తీసుకుంటే దాని వెడల్పు మీ స్కీ నడుముకు, అంటే మధ్య భాగపు వెడల్పుకు, సరిపోవాలి. బ్రేకు లేకుండా తాడుతో కట్టుకునే రకం తేలిక. కానీ చరియలో చిక్కుకుంటే ఆ తాడే స్కీని కాలికి కట్టి ఉంచుతుంది. నా ఓటు బ్రేకుకే.

ముందు పిన్నుల మీటకు "నడక" స్థానం ఉంటుంది. అందులో పెడితే బైండింగ్ బూటును వదలదు. ఎక్కేటప్పుడు అలాగే కావాలి. దిగే ముందు ఆ తాళం తీయడం మరిచిపోతే పడినప్పుడు స్కీ ఊడదు, కాలు మెలిపడుతుంది. శిఖరం మీద స్కీలు తొడుక్కోగానే ముందు మీటను చేత్తో తాకి చూసే అలవాటు చేసుకోండి. నిటారు గట్టి వాలులో స్కీ ఊడకుండా కొందరు కావాలనే తాళం వేసి దిగుతారు. అది అనుభవజ్ఞుల నిర్ణయం, మీకు ఇప్పుడే అక్కర్లేదు.

4. స్కీలు

ఇక్కడ త్వరగానే ముగిస్తాను. నడుము వెడల్పు 80 నుంచి 95 మిల్లీమీటర్లు. ఒక్కో స్కీ బరువు 1100 నుంచి 1400 గ్రాములు. నిలబెడితే మీ గడ్డానికీ నుదుటికీ మధ్య వరకు రావాలి. లిఫ్టు దగ్గర వాడేదానికంటే ఐదు నుంచి పది సెంటీమీటర్లు పొట్టిదైనా పరవాలేదు, మలుపు తిరిగేటప్పుడు సుఖం.

వంద మిల్లీమీటర్లు దాటిన వెడల్పు లోతైన పొడి మంచుకు. గట్టి వాలును అడ్డంగా దాటేటప్పుడు ఆ వెడల్పు చీలమండను బయటికి మెలితిప్పుతుంది. పైగా వెడల్పు పెరిగితే స్కిన్ బరువూ పెరుగుతుంది. మరీ తేలికైన స్కీ కూడా వద్దు, పొద్దున్న గడ్డకట్టిన గట్టు మీద దడదడలాడిపోతుంది.

పాతవి కొనవచ్చు. లోహపు అంచులు పగలకుండా, తుప్పు లోపలికి పాకకుండా ఉండాలి. ఇంతకుముందు బైండింగ్ బిగించిన రంధ్రాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండుసార్లకు మించి బిగించి ఉంటే, లేదా మీ బైండింగ్ రంధ్రాలు పాతవాటిని ఆనుకుని వచ్చేలా ఉంటే వదిలేయండి. అంచులు పదును పెట్టించి, తడి మంచుకు తగిన వెచ్చటి రకం మైనం పట్టించండి. మైనం లేని స్కీని మధ్యాహ్నపు చిత్తడి మంచు పట్టి ఆపేస్తుంది.

స్నోబోర్డు వాడేవారికి రెండుగా విడిపోయే స్ప్లిట్‌బోర్డు ఉంది. వసంతంలో దారి గట్టిగా ఉంటుంది కాబట్టి మామూలు బోర్డును వీపుకు కట్టి, స్నోషూలతోనో క్రాంపాన్లతోనో ఎక్కినా పని జరుగుతుంది. మొదటిసారికి అదే చవక.

5. స్కిన్లు

స్కీ అడుగున అంటించే ఈ పట్టీల వెంట్రుకలు ఒకే దిశలో పడుకుని ఉంటాయి. పిల్లి వీపు నిమిరినట్టే, ఒకవైపు జారతాయి, రెండోవైపు అడ్డుకుంటాయి. సూత్రం ఇంతే. సమస్యలన్నీ తడితో వస్తాయి, వసంతమంటేనే తడి.

మోహేర్ అనే మేక వెంట్రుకల రకం బాగా జారుతుంది, తేలిక. నైలాన్ గట్టిగా పట్టుకుంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది. గరుకు వసంత మంచు, మధ్య మధ్య గడ్డి, మట్టి తగులుతాయి కాబట్టి రెండూ కలిపినదో, పూర్తి నైలాన్‌దో తీసుకోండి. తోక దగ్గర కొక్కెం ఉన్నది తప్పనిసరి. జిగురు తడిసి ఊడినా కొక్కెం పట్టి ఉంచుతుంది.

కత్తిరించేటప్పుడు స్కీ అడుగంతా కప్పాలి, లోహపు అంచులు మాత్రం రెండువైపులా బయట ఉండాలి. అంచు కనబడటానికి రెండు మిల్లీమీటర్లు వదిలితే చాలు. అంచును కూడా కప్పేస్తే గట్టి వాలు మీద అడ్డంగా నడిచేటప్పుడు అంచు కరవదు. మరీ ఇరుకుగా కత్తిరిస్తే పాదం కింద పట్టు పోతుంది. మొదట తక్కువే కత్తిరించండి. ఇంకా తీయాలంటే ఎప్పుడైనా తీయవచ్చు, తీసినదాన్ని మళ్లీ అతికించలేరు.

అందరినీ ఏడిపించేది గడ్డకట్టడం. ఎండలో తడిసిన స్కిన్‌తో నీడలోని చల్లటి మంచు మీదికి అడుగుపెట్టగానే వెంట్రుకలకు మంచు ముద్ద అతుక్కుని, ఒక్కో స్కీ కిందా కిలోల బరువు వేలాడుతుంది. విరుగుడు బయలుదేరేముందే ఉంది. పొడిగా ఉన్న స్కిన్ మీద తల నుంచి తోక దిశగా స్కిన్ మైనం గట్టిగా రుద్దండి. దారిలో అతుక్కుంటే బిళ్లతో గీకి మళ్లీ రుద్దండి. స్కీతో నేలను బాదడం మొదలుపెడితే బైండింగ్ పాడవుతుంది.

రెండోసారి ఎక్కాలంటే స్కిన్ అంటించే ముందు స్కీ అడుగును పొడి గ్లౌజుతోనో గుడ్డతోనో తుడవండి. నీటి పొర మీద ఏ జిగురూ అంటదు. దిగేటప్పుడు స్కిన్లను మడిచి జాకెట్ లోపల పెట్టుకుంటే ఒంటి వేడికి జిగురు మళ్లీ పనికొస్తుంది. అయినా ఊడిపోతుంటే బైండింగ్‌కు ముందొకటి, వెనకొకటి రబ్బరు పట్టీలు బిగించి నడవండి.

సరిగ్గా ఉందా లేదా చూసుకోవడం: స్కిన్ అంటించిన స్కీని నిలబెట్టి తోక కొక్కెం తీసి, అరచేత్తో రెండు మూడు దెబ్బలు వేయండి. తోక ఊడి వేలాడకూడదు. స్కిన్ లాగినప్పుడు స్కీ అడుగున జిగురు మరకలు మిగిలాయంటే జిగురు వయసు అయిపోయింది. పాత స్కిన్లు కొనేటప్పుడు ఈ ఒక్క పరీక్ష చాలు.

6. గట్టి మంచుకు ఇనుప పళ్లు

స్కీ క్రాంపాన్లు బైండింగ్ గాడిలోకి దూరి, అడుగు వేసినప్పుడు రెండు పక్కలా పళ్లు దిగుతాయి. వసంతంలో వీటిని ఇంట్లో వదిలి వెళ్లకండి. బైండింగ్ కంపెనీని బట్టి గాడి మారుతుంది, స్కీ నడుము కంటే కొద్ది మిల్లీమీటర్లు వెడల్పైనవి కావాలి. కొన్నాక ఇంట్లోనే బూటు, స్కీ, స్కిన్ అన్నీ కలిపి ఒకసారి తొడిగి చూడండి. గాడిలోకి వెళ్తున్నాయా, పైకీ కిందికీ స్వేచ్ఛగా ఊగుతున్నాయా? వాలు మధ్యలో తెలిస్తే ఏం లాభం?

వాడకంలో రెండు తప్పులు చూస్తుంటాను. జారడం మొదలయ్యాక పెట్టుకుందామనుకోవడం ఒకటి. నిటారు గట్టి వాలు మీద ఒంటికాలిపై నిలబడి అవి తొడగడం అసాధ్యం, చదునుగా ఉన్న చోటే పెట్టేయండి. రెండోది, ఎక్కేటప్పుడు మడమకు ఆనుగా బైండింగ్‌లో ఉండే ఎత్తు మెట్టును పూర్తిగా పైకి లేపడం. మడమ పైకి లేచినకొద్దీ చాలా మోడళ్లలో పళ్లు తక్కువ లోతు దిగుతాయి. క్రాంపాన్లు ఉన్నప్పుడు తక్కువ ఎత్తులోనే ఉంచి, వాలుకు అడ్డంగా నడిచే దారి పొడవు పెంచుకుని వెళ్లండి.

బూటు క్రాంపాన్లు స్కీలు విప్పి నడిచే నిటారు భాగాలకు. అల్యూమినియంవి తేలిక, మంచుకు సరిపోతాయి. రాళ్ల మీదా, నీలపు గట్టి ఐసు మీదా అవి త్వరగా మొద్దుబారతాయి. అలాంటి చోటికి ఉక్కువి కావాలి. అడుగున మంచు ముద్దలు అంటకుండా ప్లాస్టిక్ పలకలు ఉన్నాయో లేదో చూడండి, తడి మంచులో అవి లేకపోతే క్రాంపాన్ పళ్లు మంచు ముద్దలో మునిగిపోతాయి. కొన్ని తేలిక బూట్లకు ముందు పొడుచుకొచ్చే అంచు దాదాపు ఉండదు, క్రాంపాన్ ముందు తీగ బిగింపు దానికి నిలవదు. బూటును వెంట తీసుకెళ్లి, దానికి తొడిగి చూశాకే క్రాంపాన్ కొనండి. తొడిగాక పట్టీ కట్టకుండానే బూటును పైకెత్తి కుదపండి, క్రాంపాన్ ఊడకుండా వేలాడాలి.

ఐస్ యాక్స్ 50 నుంచి 60 సెంటీమీటర్ల తేలికదైతే చాలు. పడినప్పుడు దాంతో ఆగడం ఎవరి దగ్గరైనా నేర్చుకోకపోతే అది వీపున బరువే.

7. బీకన్, ప్రోబ్, పార

ఈ మూడూ కలిసి ఒక్కటే సాధనం. ఒకటి లేకపోతే మిగతా రెండూ వృథా. గుంపులో ప్రతి ఒక్కరి దగ్గరా మూడూ ఉండాలి. మీ బీకన్ మిమ్మల్ని వెతికించడానికి, మీ పార పక్కవారిని తవ్వడానికి.

బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి, కాబట్టి కంపెనీలు వేరైనా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మూడు యాంటెన్నాల డిజిటల్ రకమే తీసుకోండి. పాతది మాత్రం కొనకండి, ఎన్ని దెబ్బలు తిన్నదో మీకు తెలియదు. కంపెనీ వేరేలా చెప్పకపోతే ఆల్కలైన్ బ్యాటరీలే వేయండి. రీచార్జ్ బ్యాటరీలతో మిగిలిన శక్తి శాతం తప్పు చూపిస్తుంది. బీకన్‌ను బ్యాగులో కాక ఒంటికి, లోపలి పొర మీద కట్టుకోవాలి. ఫోను, ఇతర ఎలక్ట్రానిక్ వస్తువులు దాని నుంచి కనీసం 20 సెంటీమీటర్ల దూరం, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరం ఉండాలి.

ప్రోబ్ 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పార పలక లోహంది కావాలి, ప్లాస్టిక్ పార గట్టిపడిన చరియను తవ్వలేదు. జారిన చరియ ఆగగానే బిగుసుకుపోతుంది. కప్పబడినవారికి మొదటి 10–15 నిమిషాలే ఎక్కువ ఆశ. ఆ తర్వాత బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. అందుకే ఒక బీకన్‌ను సంచిలో చుట్టి, మరొకరిచేత మంచులో పాతిపెట్టించి వెతికే సాధన చేయండి. ఇంట్లో సోఫా కింద దాచి వెతికినా ప్రారంభానికి మంచిదే.

8. బ్యాక్‌ప్యాక్, మోసే తీరు

పార, ప్రోబ్‌కు ప్రత్యేక అర ఉండాలి. జిప్పు లాగగానే చేతికి రావాలి. స్కీలు మోయడానికి రెండు పద్ధతులు. బ్యాగుకు రెండువైపులా ఒక్కో స్కీ పెట్టి కొసలను పైన పట్టీతో కలపడం స్థిరంగా ఉంటుంది. ఏటవాలుగా రెండింటినీ కలిపి కట్టడం త్వరగా అవుతుంది. ఎక్కువ దూరానికి మొదటిదే మేలు. పట్టీలు దళసరిగా ఉండాలి, స్కీ అంచులు పలుచటి గుడ్డను కోసేస్తాయి.

పరీక్ష తేలిక. అన్నీ కట్టి, స్కీ బూట్లు కూడా బ్యాగులో పెట్టి, మెట్లు దిగండి. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడే స్కీ తోకలు పిక్కలకూ మడమలకూ కొట్టుకుంటాయి. కొట్టుకుంటే ఇంకాస్త పైకి కట్టండి. మరీ పైకి కడితే చెట్ల కొమ్మలకు తగులుతాయి. మధ్యలో ఎక్కడో మీ ఒంటికి తగిన ఎత్తు ఉంటుంది, అక్కడ పట్టీ మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి.

నడక బూట్లను మంచు అంచు దగ్గర వదిలి వెళ్లాలంటే, వచ్చిన దారినే తిరిగి వస్తారని రూఢి చేసుకోండి. సంచిలో కట్టి కొమ్మకు వేలాడదీయండి. చెమట ఉప్పు కోసం కొరికే జంతువులు ఉంటాయి.

9. ఒళ్లు, కళ్లు

చలికాలపు దళసరి జాకెట్ ఇంట్లో పెట్టేయండి. చెమట పీల్చే పలుచని చొక్కా, గాలి ఆపే తేలిక జాకెట్, పక్క జిప్పులున్న ప్యాంటు, ఆగినప్పుడు వేసుకోవడానికి ఒక వెచ్చటి కోటు. బయలుదేరేటప్పుడు కొద్దిగా చలేస్తే బట్టలు సరిగ్గా వేసుకున్నట్టు. ఎక్కడానికి పలుచని గ్లౌజులు, దిగడానికి దళసరివి. గరుకు మంచు మీద పడితే ఉత్త చేతుల చర్మం లేచిపోతుంది, ఎంత ఎండగా ఉన్నా గ్లౌజులు లేకుండా దిగకండి. హెల్మెట్ విషయంలో స్కీయింగ్‌కు ఈఎన్ 1077, పర్వతారోహణకు ఈఎన్ 12492 ప్రమాణాలు. రెండూ ఉన్నది దొరికితే అదే కొనండి.

ఎండను తక్కువ అంచనా వేయకండి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ వాటి తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది. పక్కలు మూసుకునే మూడో లేదా నాలుగో శ్రేణి (అద్దం ఎంత ముదురో చెప్పే అంకె) కళ్లద్దాలు కావాలి. నాలుగో శ్రేణివి మరీ ముదురు, వాటితో బండి నడపకూడదు. సన్‌స్క్రీన్‌ను గడ్డం కిందా, ముక్కు రంధ్రాల అంచులకూ కూడా రాయండి. వెలుగు కింది నుంచి వస్తుందని కొత్తవారికి సాయంత్రం అద్దంలో చూసుకున్నాకే తెలుస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు.

10. కొండకు ముందు రెండు పరీక్షలు

మొదటిది ఇంట్లో. అన్నీ బ్యాగులో సర్ది తూకం వేయండి. ఆ తర్వాత గ్లౌజులు వేసుకునే, నిలబడే, పూర్తి మార్పు ఒకసారి చేయండి: స్కిన్ తీసి మడవడం, బైండింగ్‌ను దిగే మోడ్‌కు మార్చడం, బూటును నడక మోడ్ నుంచి తప్పించి బిగించడం, బైండింగ్ ముందు మీట తాళం విడిచిందో లేదో చూడడం. గాలి వీచే శిఖరం మీద ఇదే పని చేయాలి. పది నిమిషాలు దాటుతోందంటే ఎక్కడ తడబడుతున్నారో చూసి మళ్లీ చేయండి. చాలాసార్లు తప్పు చేతిది కాదు, ఏ వస్తువు ఎక్కడ పెట్టామో గుర్తులేకపోవడం.

రెండోది తక్కువ వాలున్న, చరియల భయం లేని చోట. కొన్ని స్కీ కేంద్రాలు వాలు పక్క నుంచి నడిచి ఎక్కనిస్తాయి, నియమాలు ముందే అడగండి. గంటసేపు ఎక్కి దిగాక ఇవి చూసుకోండి:

- మడమ మీద ఎర్రటి మచ్చ ఉందా? ఉంటే బూటు సంగతి ఇంకా తేలలేదు.
- స్కిన్ తోక ఊడిందా, జిగురు మీద మట్టి ఉందా?
- బూటు గుంటల్లో మంచు ఇరుక్కుని పిన్నులు సగమే దిగాయా? తొడిగిన ప్రతిసారీ ముందు పిన్నులు పట్టుకున్నాక మడమను నాలుగైదుసార్లు ఆడించండి, ఎక్కేటప్పుడైతే ఆ తర్వాతే తాళం వేయండి. పిన్ను సగం దిగితే మొదటి మలుపులోనే స్కీ ఊడుతుంది.
- బైండింగ్ స్క్రూ ఏదైనా వదులైందా? వేలితో ఊపి చూడండి.
- బ్యాగులో ఒక్కసారీ బయటికి తీయని వస్తువు ఏది? ప్రాణరక్షణ, మరమ్మతు సామాను తప్ప మిగతాది తర్వాతిసారి వద్దు.

ఎక్కే రోజు సమయం కూడా సామానే అనుకోండి. మంచులో బూటు చీలమండ దాటి దిగబడుతోందంటే శిఖరం ఎంత దగ్గరగా ఉన్నా తిరిగి దిగిపోవాల్సిన వేళ అయింది. ఉత్తరార్ధగోళంలో తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆపై పడమర. దక్షిణార్ధగోళంలో దక్షిణానికి బదులు ఉత్తరపు వాలు. దాన్ని బట్టి బయలుదేరే గంటను వెనక్కి లెక్కకట్టండి.

ఇంటికి వచ్చాక స్కిన్లను మంటకూ హీటరుకూ దూరంగా, జిగురు వైపు దుమ్ము పడకుండా ఆరబెట్టండి. బూట్ల లైనర్లు బయటికి తీయండి. స్కీ అంచులూ క్రాంపాన్ పళ్లూ తుడిచి పొడిగా పెట్టండి, రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. సీజను అయిపోతే బీకన్ బ్యాటరీలు తీసేయండి.